యాస్‌లో దిగవలసినవాళ్లు

పంతొమ్మిది వందల తొంభై, చలికాలం. భార్యతో, చిన్నపాపతో సిడ్నీలో బస్సెక్కి నాలుగు గంటలైంది. ఆయన దారిలో ప్రతి బోర్డునూ చూస్తున్నాడు, ఒక్కటీ చదవలేకపోతున్నాడు.

“ఏమండీ, యాస్ ఊరు దాటిపోలేదు కదా? మా తమ్ముడు రత్నరాజు అక్కడ చలిలో నిలబడుంటాడు. దాటితే ఇంక మెల్‌బోర్న్ దాకా పోతామేమో.”

“నాకేం తెలుసు? ఐదో క్లాసుతో మానేసినోణ్ణి.”

“వాడు ఇంగ్లీషులో రాసి పంపిన కాగితం డ్రైవరుకి చూపించమంటే వినలేదు.”

“చూపించి, మూగోడిలా నిలబడాలా? అది సరే, వీళ్లంతా మనల్ని చూసి ఎందుకు నవ్వుతున్నారే?”

“మనల్ని కాదు, పాపని.”

“అదే అంటున్నా. అది సీట్ల మధ్య తిరుగుతుంటే ప్రతివాడూ దాని వీపే చూస్తున్నాడు. ఆ ముసలావిడ బిస్కెట్టు కూడా ఇచ్చింది. టీకి ఆపినప్పుడు డ్రైవరు చూసి తలూపాడు. స్వెట్టరేమైనా చిరిగిందా?”

“లేదు.”

“మరేంటి?”

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి బస్సాగింది. డ్రైవరు తిన్నగా వచ్చి పాప చెయ్యి పట్టుకుని, “యాస్” అన్నాడు. అప్పుడు చూశాడాయన, పాప వీపు మీద పిన్నుతో గుచ్చిన కాగితాన్ని.

“ఎప్పుడు పెట్టావే?”

“ఎక్కేముందే.”

“ఏం రాసుంది అందులో?”

“నాకు మాత్రం తెలుసా? వాళ్లకి తెలిసింది, చాలు.”

కింద రత్నరాజు చెయ్యి ఊపుతున్నాడు. ఆయన సూట్‌కేసు దించి, గొంతు తగ్గించాడు.

“తిరుగు ప్రయాణానికీ ఒకటి రాయించు. ఈసారి నా కోటుకి పెట్టు.”

“మీకా?”

“పాపకి పిన్ను గుచ్చుకుంటుంది.”