కిష్టన్న బాగుచేసిన మోటరు

వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. నది నడుమ ఆగిపోయిన మోటరు పడవలో ఇద్దరే ఉన్నారు: పడవ నడిపే వీరేందర్, ఒళ్లో భర్త అస్థికల కుండ పట్టుకున్న రుక్కమ్మ.

"వదినా, జర జరుగు. మల్ల గుంజుత."

"ఇందాకటి సంది గుంజుడే అయితున్నది. స్టార్ట్ తాడు తెగుతదేమో సూడు."

"తెగది. కిష్టన్న కట్టిన తాడు. ఇగో... ఇగో... ఊహూ. దగ్గు కూడ దగ్గుతలేదు."

"పెట్రోలు ఉన్నదా?"

"నిండుగున్నది. కిష్టన్న బొక్కలు కలపనీకి పోతూ పెట్రోలు లేకుంట వస్తనా?"

"మరి ప్లగ్గు?"

"ఇప్పి సూసిన. తడితడిగున్నది. అంటే పెట్రోలు వస్తున్నది, కరెంటే వస్తలేదు. స్పార్కు లేదు. ఈ మోటరు సంగతి తెలిసినోడు కిష్టన్న ఒక్కడే. ఉంటే ఫోన్ చేస్తుంటి."

"ఫోనెందుకు? గీడనే ఉన్నడు, అడుగు."

"వదినా! గట్లనకు."

"ఏమైతది? కుండల ఉన్నంత మాత్రాన మోటరు పని మరుస్తడా? అడుగు."

"కిష్టన్నా... స్పార్కు వస్తలేదన్నా... ఏం చెయ్యమంటవ్?"

"ముందుగాల నీ దిమాఖ్ తుడువుమంటున్నడు. ఆ తరువాత ప్లగ్గు."

"అచ్చం గట్లనే అనేటోడు! ప్లగ్గు తుడిచిన వదినా. కొత్తది కూడ పెట్టిన. అంతే. కాయిల్ కాలిపోయినట్టున్నది."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది. కాయిల్ ఏం చేసింది నిన్ను?"

"అయితే తెడ్డు ఏసుకుంట పోదాం... తెడ్డు..."

"ఏది?"

"ఒడ్డుకున్నది."

"మంచిగున్నది!"

"మీ మరిది సుధీర్ దాని మీదనే కూసున్నడు. అగో, చెయ్యి ఊపుతున్నడు. పంతులు కూడ లేసి నిలబడ్డడు."

"ఊపనియ్. గాలి సల్లగున్నది. నువ్వు కూడ జరసేపు కూసో."

"కూసునుడేంది! నాకు పని నేర్పిన మనిషి. ఆయన ఆఖరి సవారీ కూడ సక్కగ చెయ్యకపోతే నలుగుర్ల మొఖమెట్ల సూపియ్యాలె? నాకు ఏడుపొస్తున్నది వదినా. ఉండు, బంద్ చేసే స్విచ్ సూడలే. ఆ నిమ్మకాయల దండ పక్కకు అను."

"దిష్టి దండ ముట్టొద్దు."

"కట్టింది నేనే గద!"

"అయినా ముట్టొద్దు. మంచిది కాదు."

"జరుగు వదినా... అరె! దీని క్లిప్పు ఏది?"

"ఏం క్లిప్పు?"

"ఎర్ర వైరుకు ఉంటది. మనిషి నీళ్లల్ల పడితే ఊడొచ్చి మోటరును బంద్ చేస్తది. అది లేకపోతే పొద్దుందాక గుంజినా స్పార్కు రాదు. ఒడ్డు నుంచి బయలెల్లేటప్పుడు నేనే దీనికి తగిలిచ్చిన. నీళ్లల్ల పడ్డట్టున్నది, ఖతం!"

"పడలే."

"నీకెట్ల ఎరుక?"

"నా కొంగుల ఉన్నది."

"కొంగులకు ఎట్లొచ్చింది?"

"గుంజిన."

"నువ్వా! అది గుంజితే మోటరు ఆగుతదని నీకెవరు చెప్పిండ్రు?"

"మీ అన్ననే."

"ఎరుకుండి గుంజినవా? ఎందుకు వదినా?"

"ఏడ మోటరు ఆగిందన్నా, నేను వద్దన్నా వినకుంట అన్నం ముంగటి నుంచి లేసి ఉరికేటోడు. ఇయాల కూడ లేస్తడేమోనని సూసిన."