గోస్తనీ నీటిని కడలి దాకా వెంబడించిన శ్రీ సోంబరు గారు

శ్రీ కొర్రా సోంబరు గారు 1990వ సంవత్సరం జూలై రెండవ తేదీ సోమవారం నాడు, అనంతగిరి దిగువన గోస్తనీ నీటిమట్టం రాసే తాత్కాలిక పరిశీలకులుగా మన అరకు ఉపకేంద్రంలో చేరారు. సోమవారం పుట్టారని ఆ పేరు పెట్టుకున్న మనిషికి ఉద్యోగం కూడా సోమవారమే దొరికింది. అప్పటికి వారి వయసు నలభైకి దగ్గర. అంతవరకు కాఫీ తోటల్లో పని. చదువు ఏడవ తరగతి.

తొలి తొమ్మిదేళ్ళూ వారి కొలువంతా ఏటి ఒడ్డునే. వరద ముంచుకొచ్చిన వేళల్లో గంటగంటకూ కొలబద్ద చూసి, తడవకుండా చొక్కా లోపల దాచిన పుస్తకంలో అంకె వేసిన తరువాతే ముద్ద తినేవారని, ఒక్క అంకె కూడా కొట్టివేత లేకుండా రాశారని ఆనాటి పుస్తకాలు చూసినవారందరూ ఒప్పుకుంటారు.

1999లో సముద్రపు రంగును పసిగట్టే ఉపగ్రహం పైకెక్కింది. వరద రోజుల్లో గోస్తనీ మంచినీరు భీమిలి దగ్గర కడలిలో కలిసి ఎంతదూరం పరుచుకుంటుందో ఆ బొమ్మల్లోని బురద రంగును బట్టి గుర్తించే పని మనకు అప్పగించారు. బొమ్మ నిజమో కాదో తేల్చేవి మాత్రం నీళ్ళు పట్టే సీసాలే. ఉపగ్రహం రెండు రోజులకోసారి మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మన మీదుగా పోతుంది. సరిగ్గా ఆ వేళకే పడవ మీద వెళ్ళి, ఒడ్డు నుంచి దూరం దూరంగా నీళ్ళు పట్టి, ఉప్పెంతో కొలవాలి. మబ్బు పడితే బొమ్మ రాదు. ఈ పడవ పనికి సోంబరు గారినే ఎంచుకున్నారు.

2001 అక్టోబరులో వాయుగుండం దాటిన మర్నాడు ఆకాశం తేటపడింది. బొమ్మ చక్కగా వచ్చింది. బురద నీటి అంచు ఒడ్డుకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంది. సీసాల్లో మాత్రం ఇరవై కిలోమీటర్ల దగ్గర పట్టిన నీటికి కూడా ఉండవలసినంత ఉప్పు లేదు. శుక్రవారంలోగా రెండూ పొసగకపోతే పని వేరే కేంద్రానికి పోతుందని, రోజుకూలీ వాళ్ళను తీసేస్తారని పైనుంచి కబురు. సీసాలు కడిగే కనక ఆ రోజుకూలీల్లో ఒకతె. ఎనిమిది నెలల బిడ్డను వీపున కట్టుకుని పనిచేసేది.

"ఆకాశం ఒక మాట, సీసాలు ఒక మాట. ఏది అబద్ధమయ్యా?" అన్నారు అప్పటి అధికారి వరహాలరావు గారు.

సోంబరు గారు పెట్టెలో వాడకుండా మిగిలిన సీసా తీసి మూత తిప్పి, టీ గ్లాసులో వంచారు. అడుగున నీళ్ళు నిలిచాయి.

వారి ఊళ్ళో ప్రయాణమయ్యే పాత్రను ఖాళీగా పంపరు. అడుగున గుక్కెడు నీళ్ళయినా ఉంచుతారు. కనకదీ ఆ ఊరే. ఆ గుక్కెడే సీసాల్లో సముద్రపు ఉప్పును పలచన చేసింది.

"ఏటి సేసినావే గుంటా?" అన్నారు సోంబరు గారు, కనక వైపు చూసి మెల్లగా.

"ఊటనీళ్ళే సిన్నాన్నా. కాళీ సీసాల్తో సముద్రం మీదకెల్తే నీకేటైనా అవుతాదని..." అంది కనక. వీపు మీద బిడ్డ కదిలింది.

సోంబరు గారు అధికారి వైపు తిరిగారు. "కడిగింది ఆ గుంటే గానండీ, పెట్టె మోసింది నాను. నీల్లేత్తంటే సూసినాను కూడా. మా ఊరి పద్ధతి గదా, తప్పని నాకే తోసలేదు. తప్పెవరిదని రాత్తే నా పేరు రాయండి."

"రాస్తే వచ్చే వారం నీ ఇంటర్వ్యూ పోతుంది. పర్మినెంటు ఉద్యోగమయ్యా."

"పోద్దండి. మా ఇంటిది దానికని కొత్త సొక్కా కుట్టించింది. ఎల్లుండి పడవ మీదేసుకుంటాను. మీరు పడవ మాత్రం ఇప్పించండి."

వరహాలరావు గారు పడవ ఇప్పించారు. మూడో నాడు పదకొండున్నరకు తూర్పున మబ్బు లేచింది. కొత్త చొక్కాతో సోంబరు గారు ప్రతి సీసానూ అక్కడి సముద్రపు నీటితోనే మూడుసార్లు కడిగి పారబోసి, నాలుగోసారి నింపారు. ఆఖరి సీసాకు మూత బిగించేసరికి ఎండ పోయింది. బొమ్మ వచ్చిందో లేదో శుక్రవారం మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియలేదు. వచ్చింది. ఒక మూల మబ్బు కప్పేసినా బురద అంచు కనబడింది, ఏడు కిలోమీటర్ల దగ్గర. సీసాల్లో ఉప్పు పెరిగిందీ అక్కడే.

పని మనకే నిలిచింది. కనక పేరు కొట్టివేయలేదు. సోంబరు గారి పేరు మాత్రం ఆ ఏడాది పర్మినెంటు జాబితాలో లేదు. సాంకేతిక సహాయకులుగా వారికి పర్మినెంటు ఉద్యోగం మూడేళ్ళు ఆలస్యంగా, 2004లో వచ్చింది. "మూడుసార్లు కడిగి పారబోయవలెను" అని సీసాల పెట్టె మీద రంగుతో రాసిన అక్షరాలు వారివే. ఆ కారణం మాత్రం తరువాత వచ్చిన వాళ్ళెవరికీ వారు చెప్పలేదు.

2008 అక్టోబరు 31న పదవీ విరమణ చేస్తున్న సోంబరు గారికి కనక ఒక పాత సీసాను అనంతగిరి ఊటనీటితో మూతి దాకా నింపి ఇస్తోంది. వీపున మోసిన ఆ బిడ్డ ఇప్పుడు రెండో తరగతి. సీసా పట్టుకొచ్చేది ఆ పిల్లే. సీసాలను ఖాళీగా పంపాలని వారు మనకు నేర్పారు. వారిని మాత్రం అలా పంపలేము. ఆ నీరు తాగి, ఆరోగ్యంగా, ఇంటిల్లిపాదితో చల్లగా, మనుమల పిల్లల్ని కూడా ఎత్తుకునేంత కాలం వారు బతకాలని ఉపకేంద్రమంతా కోరుకుంటోంది.