గోడవతలి నెట్

ఫోన్లు బాగుచేసే కొట్టు. బల్లకి అటు మెకానిక్, ఇటు ఒకావిడ.

"ఫోన్ బానే ఉందమ్మా. మీ అనుమానమేంటి?"

"నా సిమ్‌లో నెట్ అయిపోయి పది రోజులైంది. అయినా మా అమ్మ ట్యాబ్‌కి నా హాట్‌స్పాట్ నుంచి నెట్ వస్తూనే ఉంది. ఎక్కడిదది?"

"మీ ఫోన్ పక్కింటి వైఫై అందుకుని, అమ్మగారికి పంచిపెడుతోంది."

"ఒక్క ఫోను రెండు పనులెలా చేస్తుందయ్యా?"

"లోపల వైఫై చిప్ ఒక్కటే. రెండున్నట్టు ఉత్తుత్తిగా కల్పించుకుంటుంది. ఒకటి తీసుకోడానికి, ఒకటి ఇవ్వడానికి."

"గడుసుదే! ఇంతకీ ఎవరింట్లోంచి తెస్తోంది?"

"'చిట్టి ఇల్లు' అనుంది."

"చిట్టి మా చెల్లెలు. గోడకవతలే ఉంటుంది. ఏడాదిగా మాటల్లేవు."

"ఎప్పుడో కలిపుంటారు, ఫోన్ గుర్తుపెట్టుకుంది. తీసెయ్యనా?"

"ఆగాగు. మా చెల్లెలు పాస్‌వర్డ్ మార్చుంటే?"

"ఆ రోజే తెగిపోయేది."

"కరెంటు పోయినప్పుడల్లా అది నా హాట్‌స్పాటే వాడుకునేది. గొడవైన రోజే నేను పాస్‌వర్డ్ మార్చేశాను."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ముందు నా సిమ్‌లో నెట్ వెయ్యి. తర్వాత నా పాస్‌వర్డ్ మళ్ళీ పాతదే పెట్టు, బాబూ."