కట్టి విడిచిన చీర

నరసరావుపేటలో ఎంఏ చదివే కూతురు, వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న తల్లి పక్కన నోటుబుక్కుతో చతికిలబడింది.

"బెంగ అనే మాట ఎట్టా పుట్టిందమ్మా? ప్రాజెక్టుకి రాయాల."

"మాట సంగతి నాకేం తెలుసే? బెంగ మాత్రం పసిబిడ్డలకి జ్వరమై పుట్టిద్ది. మందులకి లొంగదు. తల్లి కట్టి విడిచిన చీర కప్పితే గంటలో దిగిద్ది."

"నాకూ వచ్చిందా?"

"రెండో ఏట వచ్చింది. నా చీర కప్పా, తగ్గలా. ఇంకోటి కప్పా, అదీ అంతే."

"మరెట్టా తగ్గింది?"

తల్లి ఇంకో కాయ తొడిమ తుంచి పక్కన పడేసింది.

"మీ నాన్న కారంపూడి పోయి ఒక చీర అడిగి తెచ్చాడు."

"ఏందమ్మా నువ్వనేది? ఎవరి చీర?"

"నిన్ను కన్నామెది. కప్పంగానే నీ ఒళ్లు చల్లబడింది. ఆ పొద్దు నన్ను పట్టిన బెంగే ఇంతవరకూ దిగలా."