తుడిచేసిన ఎర్రగీత

అధ్యక్షస్థానంలో ఉన్న మా యజమాని ఓడాన్ గెనార్ గారికీ, ఫాదర్‌గారికీ, సామ్ లోయ గనుల్లో నడుములు పోగొట్టుకున్న పెద్దలకూ, నాతోపాటు రాళ్లు రుద్ది వేళ్లు అరగదీసుకున్న ఆడవాళ్లకూ నమస్కారం.

నేను పని మానుకుంటున్న ఈ రోజు ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా ఈ జిస్లేన్‌కు ఓర్పెక్కువ అన్నారు. ఏడుసార్లు అన్నారు. నవ్వకు జోసెట్, లెక్కపెట్టింది నువ్వే. (నవ్వులు)

ముప్పైనాలుగేళ్లు నా పని ఒకటే. కత్తులు నూరే పసుపురాయిని కోసి నల్లపలకకు అతికించాక నా బల్లమీదికొచ్చేది. నీళ్లు చల్లి, చిన్న రాతిముక్కతో రుద్ది, పాలలాంటి బురద తేలాక క్షవరపు కత్తిని బల్లపరుపుగా ఆనించి, వెన్నుమీద తిప్పుకుంటూ, ఆ పాలు పలచబడి వట్టి నీళ్లయ్యేదాకా నూరి, తోలుపట్టీమీద లాగేదాన్ని. నా తలవెంట్రుక ఒకటి అంచుకు తగిలిస్తే అది రెండైపోవాలి. నా నెత్తిన ఇన్నే ఎందుకు మిగిలాయో తెలిసిందిగా! (నవ్వులు) కత్తి ఎక్కడైనా గరుక్కుమంటే రాయిమీద ఎర్రసుద్దతో గీత పెట్టేదాన్ని. గీత పడిన రాయి గడప దాటకూడదు.

పందొమ్మిదేళ్ల కిందట ఒక రాయిలో వెంట్రుకంత తెల్లజీర కనిపించింది. గీత పెట్టాను. గెనార్ గారు వచ్చి, "ఇంత పెద్ద రాయిని పారేస్తావా, పిచ్చిదానా?" అని తడిగుడ్డతో గీత తుడిచి, మేలురకం ముద్ర కొట్టించారు.

రెండు నెలలకు లియేజ్ పట్నం నుంచి సెర్వే అనే మంగలి ఆ రాయిని తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడు. ఆ జీరకు తగిలి కత్తి అంచు చిట్లింది, ఒక పెద్దమనిషి పెదవి తెగింది, సెర్వే కొలువు పోయింది. "రాయి చూడండయ్యా" అని బతిమాలాడు.

"తాగి చెయ్యి వణికితే రాయేం చేస్తుందోయ్?" అన్నారు గెనార్ గారు.

"నేను తాగను దొరా. మా అమ్మమీద ఒట్టు."

నేను ఆ రాయి తడిపి, అందరి ముందూ కత్తి ఆడించాను. గరుక్కుమంది. అంతా విన్నారు.

"ఆడదానికి కత్తి సంగతేం తెలుసు? నువ్వేమైనా గడ్డం గీసుకుంటావా?" అన్నారాయన. అందరూ నవ్వారు. రాళ్లు కోసే రెమకల్, నువ్వూ నవ్వావు.

గీత పెట్టానని ఆ రోజు నేను చెప్పలేదు. ఇంట్లో నా భర్త గనిదుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో మంచంమీద ఉన్నాడు, నా కూలి పోతే మందుల్లేవు. సెర్వే తాగుబోతన్న పేరుతో వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ అతని చేతికి కత్తి ఇవ్వలేదు. పందొమ్మిదేళ్లుగా రైల్వేస్టేషన్‌లో మూటలు మోస్తున్నాడు. దీన్నా మీరు ఓర్పంటున్నారు? పిరికితనమయ్యా ఇది! యజమానిగారూ, మీది దగా, నాది పిరికితనం. దానికి నా ముందు ఈ బల్లమీద పూలగుత్తా?

సెర్వేను నేనే పిలిచాను. వెనక వరసలో కూర్చున్నాడు. గెనార్ గారూ, లేచి అతనికి చెప్పండి.

(అధ్యక్షులు లేచి, "రాయిదే తప్పు" అన్నారు.)

రాయి తప్పు చేయదండీ. మనిషి పుట్టకముందు నుంచీ ఆ జీరతోనే ఉంది. గీత తుడిచిన చెయ్యి ఎవరిది?

("నాది.")

గట్టిగా. అతనికి వినికిడి తక్కువ.

("నాది, సెర్వే. చెయ్యి నాది.")

విన్నావా సెర్వే? నన్నూ క్షమించు. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. పూలు ఈ బల్లమీదే ఉండనివ్వండి. సెలవు.