తీగ చివరి జర్మన్

వార్సాలో జర్మన్ల మీద తిరుగుబాటు రోజులవి. నేలమాళిగ కిటికీలోంచి వీధిలోకి చూసిన హాల్ష్కా, పక్కనున్న తన దళనాయకుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మనిషి లేని జర్మన్ బండి పొట్టనిండా మందుగుండుతో, వెనక తనను నడిపే తీగ ఈడ్చుకుంటూ, తమవాళ్ళ అడ్డుగోడ మీదికి పాకుతోంది.

"కాల్చనా అన్నా?"

"తుపాకీ దించు. దాన్ని పోనీ."

"మనవాళ్ళు గోడ వెనకే ఉన్నారు!"

"తెలుసు. తీగ మన కిటికీ ముందుకు రావాలిగా. ఆ గొడ్డలి ఇలా ఇవ్వు."

"ఈలోపు తీగ చివరున్నవాడు మీట నొక్కి పేల్చేస్తే?"

"గోడ తగలందే నొక్కడు, బండి వృథా అవుతుందని. పిసినారి వెధవ!"

కిటికీలోంచి తీగ మీద ఒక్క వేటు పడింది. గోడకు జానెడు దూరంలో బండి ఆగిపోయింది.

"అమ్మయ్య! ఇప్పుడు?"

"లోపలికి లాగి పొట్ట విప్పుదాం. గ్రెనేడ్లకు మందు లేదని పొద్దున్నేగా ఏడ్చావు?"

"మరి ఆ జర్మన్?"

"నొక్కుతూనే ఉంటాడు పాపం. వాడి వైపు తీగ ఒకసారి లాగు, ఇంకో బండి పంపుతాడు."

హాల్ష్కా రెండుసార్లు లాగింది.