తెరెస్కెన్ తవ్వే పలుగు

పామీరు కొండల్లో తొలిమంచు ఇంకా పడలేదు. తోరోకుల్ గాడిదకు జీను బిగించి, తలుపు వెనక తడిమాడు. చేతికి పార తగిలింది గానీ పలుగు తగల్లేదు. భార్య పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు.

"పలుగేదే? పొయ్యిలోకి తెరెస్కెన్ పొదలు తవ్వుకురావాలి. ఇంట్లో పసిగుడ్డుంది."

"పేడుందిగా."

"పేడా! అది రాజుకునేసరికి మనవరాలు బిగుసుకుపోతుంది. తెరెస్కెనైతే భగ్గున అంటుకుంటుంది."

"అంతే గబుక్కున ఆరిపోతుంది. నేను కాపురానికొచ్చినప్పుడు ఆ పొదలు ఇంటి వెనకే ఉండేవి. ఇప్పుడెక్కడున్నాయి?"

"కనుమ అవతల."

"అక్కడా అయిపోతే?"

"అప్పుడు చూద్దాంలేవే!"

"చలికాలం మన జడలబర్రెలకి ఆ పొదలేగా మేత. నువ్వు వేళ్లతో సహా పీకేస్తే అవేం తింటాయయ్యా?"

నిరుడు బక్కచిక్కి చచ్చిపోయిన దూడ తోరోకుల్‌కి గుర్తొచ్చింది. అయినా పంతం వదల్లేదు.

"సరే, ఈ ఒక్కసారికి. పలుగివ్వు."

"అదెక్కడుంది? కమ్మరికిచ్చి సాగగొట్టించాను. ఇందాక నీ చేతికి తగిలిన పార అదే."

"ఓసి నీ దుంపతెగ!"

"నిరుటి పేడ దొడ్లో రాయిలా ఎండి ఉంది. గాడిద జీను విప్పేసి, ఆ పారతో దిమ్మలు కోసుకురా. పాప లేచే వేళైంది."